యాన్ డె బిస్కొపు రేఖాచిత్రములు

పదునేడవ శతాబ్దమున హాలండు దేశమునఁ జిత్రకారులకుఁ గొదవ లేదు. వారిలో యాన్ డె బిస్కొపు వృత్తిచే న్యాయవాది. 1628లో ఆంస్టర్డామునఁ బుట్టి, లైడెను విశ్వవిద్యాలయమున వ్యవహారశాస్త్రమును జదివి, హేగు నగర న్యాయస్థానమున వాదించుచు, 1671లో దివంగతుఁ డయ్యెను. బిస్కొపనఁగాఁ గ్రైస్తవ మతాధ్యక్షుఁడు. నాఁటి విద్వాంసుల యాచారముచొప్పున నీతఁడు పేరును లాటినులోనికి మార్చి ఎపిస్కోపియసని వ్రాసికొనెను.

మిత్రుఁడగు కాన్‌స్టంటీను హైగెన్సు (కవియగు హైగెన్సునకుఁ గుమారుఁడు) వలెనే యీతఁడును హేగు, లైడెను పరిసరములను జిత్రించెను. కలముతో రేఖలు దీర్చి, కుంచెతో గోధుమవన్నె నీడలు పూయుట యీతని పద్ధతి. ఎండ పడిన చోట నేమియుఁ బూయఁడు. కాగితపుఁ దెల్లదనమే యెండ యగును. నల్లసిరాలో రాగియెఱుపు గలిపి చేసిన యావన్నెకుఁ దరువాతివారు బిస్కొపుసిరా యని పేరిడిరి. ఇటలీకిఁ బోయిన జాడ లేదు. ఐనను హాలండు గోడలపై నిటలీ యెండ గాయించినాఁడు.

మానవాకృతుల విషయమునను నిట్లే. 1668, 1669 సంవత్సరములలోఁ బ్రాచీన శిల్పవిగ్రహములను నూఱు తామ్రఫలక ముద్రలుగా రెండు భాగములలోఁ బ్రకటించెను. అందుఁ బెక్కింటిని దాను గన్నులారఁ జూడలేదు. ఇతరులు వ్రాసిన చిత్రములే యాధారము.

1671లో ఇటలీ చిత్రకారుల రేఖాచిత్రముల ననుసరించి మఱియొక గ్రంథమును వెలువరించెను. దాని యంకితపీఠిక విచారింపఁదగినది. ముడుతలు పడిన వృద్ధుఁడు, శిథిలగృహము, ఎండినచెట్టు, బిచ్చగాఁడు – లోకమున హేయమైనది చిత్రమున రమ్య మనుట భ్రాంతి యని యందు వాదించెను. లీడావంటి పురాణస్త్రీల కాళ్లపై మేజోళ్ల పట్టీల యొత్తుడు గుర్తులు చూపువారినిఁ దూలనాడెను. పేరు చెప్పకున్నను, 1669లో మరణించిన రెంబ్రాంటు నుద్దేశించిన మాట లివి యని పరిశోధకుల తలంపు.

ఈ రెండాక్షేపములు నొక్కటి గావు. లీడా కాలిపైఁ బట్టీగుర్తు అనౌచిత్యమే, క్షేమేంద్రుఁడైనను ఒప్పుకొనఁడు. శిథిలగృహము మాట వేఱు. లోకమున రోఁత గొల్పునది కావ్యమున నాస్వాద్య మగుననియే కదా మన యాలంకారికులు బీభత్సమును రసములలోఁ జేర్చిరి! మఱియు లక్ష్యము ననుసరించి లక్షణము పుట్టవలెను. బిస్కొపు ప్రాచీనవిగ్రహములనుండి గ్రహించిన లక్షణమును, వానితో సంబంధము లేని లక్ష్యముపై రుద్దినాఁడు. ఇతని దృశ్యచిత్రము లీ పీఠికకంటె మేలు.

ఈ గ్రంథము నంకితము గొన్నవాఁడు యాన్ సిక్సు. 1654లో రెంబ్రాంటు చిత్రించిన సుప్రసిద్ధమూర్తి యితనిదే. విగ్రహగ్రంథపు రెండవభాగమును గైకొన్న ఊటెన్‌బోగార్టు రూపమును సైతము రెంబ్రాంటే 1639లోఁ దామ్రఫలకమునఁ జిత్రించి యుండెను.