కడుపులో కదలిక, చేలో కూలి

కృష్ణా డెల్టా చరిత్ర అంటే ఆనకట్ట, కాలవలు, ధాన్యం దిగుబడి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తెనాలి, బాపట్ల, రేపల్లె చేలకు నీళ్లొచ్చాయి. నీళ్లతోపాటు నాట్లూ పెరిగాయి. ఆ నాట్లు వేసిందెవరు? మాల మాదిగ ఆడవాళ్లు. నెలలు నిండుతున్నా నడుం ఎత్తకుండా వేశారు. వాళ్ల కడుపులో బిడ్డ సంగతి ఆ చరిత్రల్లో వెతికినా దొరకదు.

అయిదో నెలలో బిడ్డ మసలటం తల్లికి తెలుస్తుంది. ఆ కదలిక తగ్గిందంటే మాయ నుంచి బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందటం లేదేమోనని అనుమానించాలి. తగ్గిన ప్రతిసారీ ప్రమాదం ఉండదు. ఎక్కువమందికి బిడ్డ క్షేమంగానే పుడుతుంది. అయినా బిడ్డ కడుపులోనే పోయేముందు చాలామంది తల్లులకు తెలిసే గుర్తు ఇదే. పనిలో మునిగితే కదలిక అంతగా తెలియదు. పక్కకు తిరిగి పడుకుంటే తెలుస్తుంది. అంటే బిడ్డ కబురు వినటానికి తల్లికి తీరిక కావాలి. ఆ తీరికను ఈ సమాజం కులాన్ని బట్టి, భూమిని బట్టి పంచింది.

పురుడు పోయటానికి మంత్రసాని చేతులు కావాలి, మనిషి మాత్రం మైల! పొట్ట తడిమి బిడ్డను పసిగట్టిన ఆమె తెలివిని చదువుకున్నవాళ్లు మూఢత్వం కింద కొట్టేశారు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ శ్రమతో 1898లో అక్కడ ఆడవాళ్ల ఆసుపత్రి లేచింది. రేపల్లె నుంచి అది సుమారు 60 కి.మీ. కదలిక ఆగిన రాత్రి ఎడ్లబండికి అదెంత దూరం?

1961 ప్రసూతి ప్రయోజన చట్టం ఫ్యాక్టరీ కార్మికురాలిని చూసింది, పొలం కూలిని చూడలేదు. 1991 ఆగస్టు 6న తెనాలి పక్కనున్న చుండూరులో 8 మంది దళితులను చంపారు. అంతకుముందే సాంఘిక బహిష్కరణ పెట్టి కూలి ఆపేశారు. కూలి ఆగిన ఇంట్లో చూలాలి కంచం కూడా ఖాళీయే కదా!

2018లో అచ్చయిన బ్రిటన్, ఐర్లాండ్ పరిశోధన 4 లక్షలకు పైగా గర్భాలను చూసింది. కదలికల గురించి తల్లులకు చెప్పి, వచ్చినవాళ్లను ఒక పద్ధతి ప్రకారం చూసినా మృతశిశు జననాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. సిజేరియన్లు పెరిగాయి. అన్ని వసతులున్న చోటే అలా ఉంటే, మన పల్లెల్లో 'లెక్కపెట్టుకోమ్మా' అని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోతుందా?

కదలిక తగ్గితే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి పోవాలి. పోతే కూలి పోకూడదు, వెళ్లిన చోట వినేవాళ్లుండాలి. విద్యార్థులారా, మీ అమ్మమ్మల్ని అడగండి: ఎన్ని కాన్పులు, ఎందరు దక్కారు, ఆ రోజు ఏ చేలో ఉన్నారు? రాయండి. మన చరిత్ర అక్కడుంది.