కదలని వేటగాడు: ఫ్రాగ్‌ఫిష్‌ను తొట్టిలో పెట్టి చూసినవాళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక చేప చరిత్ర గురించి. ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో మా ఫ్లాట్‌లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాను. ఒకరోజు చేపల షాపులో, ఓ మూల తొట్టిలో, పసుపుపచ్చ స్పాంజ్ ముక్క ఒకటి కనిపించింది. "అది స్పాంజ్ కాదు సార్, ఫ్రాగ్‌ఫిష్" అన్నాడు షాపు కుర్రాడు. అరచేతిలో పట్టేంత ఉంది. కొనేశాను. రెండో రాత్రికల్లా నా క్లౌన్‌ఫిష్ ఒకటి మాయమైంది. వారం తిరక్కుండా దాదాపు తనంత ఉన్న ఇంకో చేపను మింగేసింది. అది అరగలేదు. పొట్ట ఉబ్బి, ఫ్రాగ్‌ఫిషే చచ్చిపోయింది.

దీన్ని ఒంటరిగా ఉంచాలని, చిన్న చిన్న మేతే వెయ్యాలని నాకు తర్వాత తెలిసింది. ముందే ఎందుకు చదవలేదా అనే బాధతో దీని చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను. తవ్వితే 2300 ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ దీని దగ్గరి చుట్టం గురించి రాశాడు. పేరు 'గాలమేసే కప్ప'. ఇసుకలో దాక్కుని, కళ్ల ముందున్న వెంట్రుకలాంటి కాడను ఆడిస్తుంది, దాన్ని కొరకడానికొచ్చిన చేపలను తింటుంది అన్నాడు. ఆయన పట్టుకున్న ఆధారం నాకు భలే నచ్చింది. ఆ కాడ కొస తెగిపోయిన చేపలు వలలో పడినప్పుడు బక్కచిక్కి ఉంటాయట! అంటే గాలం పోతే తిండి పోయినట్టే కదా.

ఇక అక్కణ్ణుంచి నేరుగా 1700ల మొదట్లోకి వద్దాం. ఇప్పటి ఇండోనేషియాలో అంబోన్ దీవి. లవంగాల కోసం డచ్ ఈస్టిండియా కంపెనీ చేజిక్కించుకున్న చోటు. అక్కడ కంపెనీ కొలువులో ఉన్న శామ్యూల్ ఫాలూర్స్ చేపల బొమ్మలు వేసేవాడు. ఇసుక మీద దొరికిన ఒక 'నడిచే చేప'ను మూడు రోజులు ఇంట్లో ప్రాణాలతో ఉంచానని, అది కుక్కపిల్లలా తన వెంటే తిరిగిందని రాసుకున్నాడు. ఆ బొమ్మలను లూయీ రెనార్డ్ 1719 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుస్తకంగా వేశాడు.

చిక్కేమిటంటే, అదే పుస్తకంలో మత్స్యకన్య బొమ్మ కూడా ఉంది! ఇక చేప నడిచిందంటే మాత్రం ఎవరు నమ్ముతారు? కానీ ఫ్రాగ్‌ఫిష్ నిజంగానే నడుస్తుంది. రెక్కల్ని కాళ్లలా ఊనుకుంటూ సముద్రం అడుగున అడుగులేస్తుంది. కుక్కపిల్ల సంగతి అతిశయోక్తే అనుకున్నా, నడక మాత్రం కళ్లారా చూసి చెప్పిన మాట.

మన తీరం కూడా ఈ కథలో ఉంది. రక్తపింజరను ఇంగ్లిషులో రస్సెల్స్ వైపర్ అంటారే, ఆ ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల మీద 1803లో పుస్తకం తెచ్చాడు. మన జాలర్లు పిలిచే పేర్లనే అందులో ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఈ చేప పేరు అక్కడ 'కప్ప' అనే మొదలవుతుంది. గ్రీకు జాలరికీ కప్పే, వైజాగ్ జాలరికీ కప్పే!

1853లో లండన్ జూలో జనం చూడ్డానికి గాజు తొట్టెల చేపలశాల తెరిచారు. సముద్రపు చేపను పక్కనుంచి, బతికుండగా చూసే అవకాశం మామూలు మనిషికి అప్పుడు దొరికింది. కానీ ఫ్రాగ్‌ఫిష్ ఎలా తింటుందో చూడాలంటే గాజు ఒక్కటే చాలదు. 1979లో థియొడోర్ పీట్ష్, డేవిడ్ గ్రోబెకర్ హైస్పీడ్ కెమెరాతో తీసిన ఫలితాలు ప్రచురించారు. నోరు తెరిచి ఎరను లోపలికి లాగేయడానికి 6 మిల్లీసెకన్లు చాలు. మన ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేములు తీస్తే, ఒక్కో ఫ్రేముకు దాదాపు 16 మిల్లీసెకన్లు. అంటే రెండు ఫ్రేముల మధ్యలోనే భోజనం అయిపోతుంది. నా క్లౌన్‌ఫిష్ ఎలా మాయమైందో అప్పుడు అర్థమైంది.

చివరగా, మళ్లీ అంబోన్‌కే. 2008 జనవరిలో అక్కడి డైవర్లకు ఒళ్లంతా తెలుపు, నారింజ చారలున్న ఫ్రాగ్‌ఫిష్ కనిపించింది. కొత్త జాతి అని తేల్చి, మరుసటి ఏడాది పీట్ష్ బృందం దానికి హిస్టియోఫ్రైనీ సైకెడెలికా అని పేరు పెట్టింది. తమాషా ఏంటంటే, అదే జాతి చేపలు రెండు 1992లోనే ఆయన దగ్గరికి వచ్చాయి. బాలి నుంచి డాలస్‌లోని ఒక అక్వేరియానికి చేరిన చేపలవి. సీసాలో రంగు వెలిసిపోయి చారలు కనిపించక, ముందే తెలిసిన జాతి అనుకుని పక్కన పెట్టారు. అంటే ఈ చేపల్ని జీవితమంతా చదివిన మనిషి దగ్గరే ఇది పదహారేళ్లు దాక్కుంది!

చచ్చిన చేప ఆకారమే చెప్పగలదు. గాలం వేయడం, నడవడం, ఆ చారలు, ఇవన్నీ బతికున్నదాన్ని ఓపిగ్గా చూసినవాళ్లు చెప్పినవే. నేనూ ఒకదాన్ని ఇంటికి తెచ్చాను. కానీ దాని ముందు కూర్చున్నది మొత్తం కలిపి గంట కూడా ఉండదు. ఫాలూర్స్ మూడు రోజులు చూశాడు.

ఆ తొట్టి ఇంకా నా దగ్గరే ఉంది, ఖాళీగా. మళ్లీ తెస్తే ఒక్కదాన్నే తెస్తాను. మీరూ తెచ్చుకోవాలనుకుంటే ముందు ఎదురుగా కుర్చీ వేసుకునే తీరిక ఉందో లేదో చూసుకోండి.