అసంపూర్ణ ఖండములు: జన్యు ప్రయోగములకు రాధాకృష్ణారావుగారి కృషితో గల సంబంధము

కల్యంపూడి రాధాకృష్ణారావుగారి ప్రసక్తి వచ్చినప్పుడెల్ల వారి బిరుదములను లెక్కించుట మన సభలలో పరిపాటియైనది. 2001లో పద్మవిభూషణ, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి. ఇవి సత్యములే, కాని బిరుదావళి చరిత్ర గాదు. నేటి జన్యు పరిశోధనకు వారి కృషితో గల సంబంధము నొక్కదానిని మాత్రమిట పరిశీలింతును.

రావుగారు 1920లో బళ్లారి మండలమునందలి హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమభ్యసించి 1941లో కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థను చేరిరి. అచటి రాజచంద్ర బోసుగారు 1939 నాటికే అసంపూర్ణ ఖండ రచనలను నిర్మించు పద్ధతులను ప్రకటించి యుండిరి. పొలమంతయు నొకే సారము గలది గాదు. కావున నేల సమముగా నున్న ఖండములుగా విభజించి, ప్రతి ఖండమునను అన్ని వంగడములను నాటి పోల్చవలెను. ఖండము చిన్నదై అన్నియు పట్టనిచో నేమి చేయవలెను? అట్టి ప్రయోగముల ఫలితములను విశ్లేషించుటకు సామాన్య పద్ధతులను రావుగారు 1947లో ప్రకటించిరి. అప్పుడు వారు కేంబ్రిడ్జిలో నుండి, ఫిషరు పండితుని ప్రయోగశాలలో ఎలుకలను సంకరపరచి జన్యువుల స్థానములను గుర్తించు పనియు చేయుచుండిరి.

ఒక శరీరమునందలి కణములన్నిటను జన్యువులు దాదాపుగా నొక్కటే. ఏ జన్యువు ఎచట నెంత పనిచేయుచున్నదనుటలోనే భేదము. దీనిని జన్యు వ్యక్తీకరణమందురు. 1995లో స్టాన్‌ఫర్డు శాస్త్రజ్ఞులు గాజుపలకపై జన్యువుల చుక్కలనుంచి, ఒక చిన్న మొక్కయొక్క 45 జన్యువుల వ్యక్తీకరణమును ఒకేసారి కొలిచిరి. పలక కొక్కటికి రెండు నమూనాలు. ఒకదానికి ఎరుపు, రెండవదానికి ఆకుపచ్చ వెలుగునిచ్చు రంగు. అనగా ప్రతి పలకయు రెండే స్థానములు గల ఖండము! మూడు నమూనాలను పోల్చవలెనన్న ఏ పలకయు చాలదు. పొలమునందలి చిక్కే గాజుపై మరల తలయెత్తినది.

ప్రతి పలకపైనను ఒకే ప్రమాణ నమూనాను వాడు ఆచారము ప్రబలియుండగా, కొలతలలో సగము ఎవరికిని అక్కరలేని ప్రమాణమునకే వ్యయమగుచున్నదని 2001లో కెర్, చర్చిల్ అను సాంఖ్యకులు చూపిరి. నమూనాలను గొలుసువలె వలయముగా జతపరచుడని వారి సూచన. రోగి నమూనాకు ఎల్లప్పుడు ఎరుపే వాడినచో, కనిపించిన భేదము రోగమువలననా, రంగువలననా? పిదప నెంత గణితము చేసినను తేలదు. రెండవ పలకపై రంగులను తారుమారు చేయవలసినదే. మా కోడంబాక్కమున ఫిలిం కడిగినవారికిది క్రొత్తగాదు. వేర్వేరు దినములలో కడిగిన ప్రతులలో ముఖచ్ఛాయ మారినచో తప్పు నటునిదా, తొట్టిలోని రసాయనముదా యని వారు తర్కించెడివారు.

మరియొక చిక్కు. 10,000 జన్యువులను నూటికి 5 తప్పును సహించు పరీక్షకు గురిచేసినచో, ఏదియు మారకున్నను సుమారు 500 మారినట్లు తోచును. దీనికి బెంజమీని, హోక్‌బర్గుల 1995 నాటి పద్ధతి ఉపకరించినది.

రావుగారే ఈ విద్యకు మూలపురుషులనుట అతిశయోక్తి. ఫిషరు, యేట్సు, బోసుల వరుసలో వారిది స్పష్టమైన స్థానము, అంతియే చెప్పదగును. వారు 2023 ఆగస్టు 22న దివంగతులగునాటికి పలకల స్థానమును చాలవరకు అనుక్రమణ యంత్రములు ఆక్రమించినవి. రంగుల చిక్కు పోయినది గాని, ఏ నమూనా ఏ దినమున, ఏ గుంపుతో యంత్రమెక్కవలెనను ప్రశ్న నేటికిని పోలేదు.