కొయ్యపనిలో తొలి పాఠము

మునిర్కా ఒకనాడు ఢిల్లీ శివారు పల్లె. నగరము పెరుగగా దాని పొలములలో రామకృష్ణపురపు ప్రభుత్వ నివాసములు లేచినవి; 1969లో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము దాని పొరుగయ్యెను. ఉద్యోగరీత్యా అచ్చట కాపురముండు తెలుగువారు దసరాకు కొలువు తీర్చినచో కొండపల్లి అంబారీ ఏనుగును, ఏటికొప్పాక లక్కబొమ్మలును మెట్లెక్కును. 2025 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముపై ఆ ఏటికొప్పాక బొమ్మలే కర్తవ్యపథమున ఊరేగినవి. వానిని చూచిన బాలుడు తానును ఒకటి చెక్కెదననుట సహజము. కత్తి చేతికిచ్చుటకు తల్లి జంకుటయు సహజమే. ఆ జంకునకు వడ్రంగులు, ఉపాధ్యాయులు, శాసనకర్తలు వేర్వేరు కాలములందు వేర్వేరు సమాధానములు చెప్పిరి.

అన్నిటికంటె పాతది వడ్రంగి సమాధానము. మన పల్లె వడ్రంగి నేలపై కూర్చుండి, కొయ్యను పాదములతో అదిమిపట్టి పని చేయును. బాడిస దెబ్బ అతని కాలివైపునకే దిగును. కావున అది కొత్తవానికి తగిన పనిముట్టు కాదు. తండ్రి యొద్ద పని నేర్చు బాలుడు తొలుత కొయ్య నందించును, రంపము కోయునపుడు కొస పట్టుకొనును, పొట్టు ఊడ్చును. ఊడ్చుట చిన్నతనమని తోచవచ్చును గాని, కాలు జారి ఉలిమీద పడకుండ కాచునది ఆ చీపురే. పిమ్మట సానరాయి చేతికి వచ్చును. మొద్దుబారిన ఉలి గాయము చేయదనుట అమాయకత్వము. అది కొయ్యలో దిగదు. బలముకొలది నెట్టగా ఒక్కసారి జారి ఎడమచేతిని వెదకికొనును. పదునైనది స్వల్పబలముతో చెప్పినచోట ఆగును. ఎడమచేయి ఎల్లప్పుడును అంచునకు వెనుకనే ఉండవలెను.

ఈ దృష్టితో చూచినచో కొండపల్లివారు వాడు తెల్లపొణికి కొయ్య గుణము బోధపడును. అది తేలిక, మెత్తన. దానిని సెగకు ఆరబెట్టి చెక్కుదురు. కాలుసేతులు వేరుగా మలచి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. ఒకే దిమ్మలో సందులు తొలుచు పని తగ్గుటచే కత్తి ఇరుకున దూరవలసిన అవసరమును తగ్గును.

ఐరోపాలో ఈ ప్రశ్న పాఠశాలకు వచ్చెను. 1866లో ఫిన్లండు దేశము, ఉనో సిగ్నేయస్ ప్రోద్బలమున, చేతిపనిని ప్రజాపాఠశాలలలో చేర్చెను. స్వీడనులోని నేస్‌లో ఆటో సాలమన్ దానికొక క్రమము కల్పించెను. సులభమైన నమూనా ముందు, కష్టమైనది వెనుక. ఆ క్రమములో తొలి పనిముట్టు కత్తియే యగుట విశేషము. మన దేశమున 1937 వార్ధా సభ పిమ్మట, హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, మూలవిద్యకు తగిన వృత్తులలో వడ్రంగమును పేర్కొనెను. అప్పుడాయన ఢిల్లీలోని జామియా మిల్లియాకు ఉపాధ్యక్షులు.

యంత్రము వచ్చుటతో సమాధానము మారక తప్పలేదు. ఏటికొప్పాక పనివారు అంకుడుకొయ్యను తరిమెనపై తిప్పి, తిరుగుచున్న దానికి లక్కబద్ద నొత్తుదురు. ఒరపిడి వేడికే లక్క కరగి పట్టును. మొగలియాకుతో మెరుగు పెట్టుదురు. పూర్వము తరిమెనను తాడు లాగి త్రిప్పెడివారు. ‘అమ్మో’ యనగానే లాగువాని చేయి ఆగెడిది. విద్యుత్తు మోటారునకు చెవులు లేవు. 1948 కర్మాగారముల చట్టము తిరుగు భాగములకు కంచె విధించెను. తగిన శిక్షణ లేని యువకుని, పర్యవేక్షణ లేనిచో, ప్రమాదకర యంత్రములపై పనికి పెట్టరాదనెను. తిరుగు యంత్రముల దరికి పోవువారికి ఒంటినంటు దుస్తులు కావలెననెను.

ఇంటిలో మోటారు పనిముట్టు కొన్నవానికి కంచె కట్టు తనిఖీదారు లేడు. కంటికి అద్దములు పెట్టుకొనుట అందరికిని తోచును. చేతులకు తొడుగులు వేసికొనుటయు మేలేనని తోచును. కాని తరిమెన వద్ద అవియే కీడు, నూలుపోగు చిక్కినచో చేతినే లాగికొనును. అనుభవజ్ఞులు చొక్కాచేతులు మోచేతిపైకి మడచి, మీట నొక్కకముందే కొయ్యను చేతితో ఒక చుట్టు త్రిప్పి, ఎచ్చటను తగులుట లేదని చూచికొందురు.