పికప్ ఎత్తు పెంచితే ముందు డిఫరెన్షియల్ దించాలా? 1986లో మొదలైన తగువు

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న ఇనుప ముక్క గురించి. మందం ఒక అంగుళం, అంటే దాదాపు 25 మిల్లీమీటర్లు. అలాంటి ముక్కలు రెండు, పొడవాటి బోల్టులు రెండు కలిపి ఒక ప్యాకెట్‌లో అమ్ముతారు. పేరు డిఫ్ డ్రాప్ కిట్. పికప్ ట్రక్ ఎత్తు పెంచినవాళ్లు ఇది వేయించాలా వద్దా అని అమెరికాలో ఏళ్ల తరబడి వాదులాడుకుంటూనే ఉన్నారు. వేయించకపోతే యాక్సిల్ పోతుందని ఒకరు, డబ్బులు దండగ అని ఇంకొకరు. ఇద్దరూ సాక్ష్యంగా చూపించేది తమ బండినే.

అసలు ఈ ప్రశ్న ఎప్పుడు పుట్టిందో చూస్తే జవాబు సగం అక్కడే దొరుకుతుంది. అందుకే కొంచెం వెనక్కి వెళ్దాం.

"బ్యాక్ టు ద ఫ్యూచర్" సినిమా చూశారా? 1985లో వచ్చింది. అందులో హీరో కుర్రాడు కలలుగనే నల్ల టొయోటా ట్రక్ ఒకటి ఉంటుంది, ఎత్తుగా, పైన లైట్ల వరసతో. ఎస్ఆర్5 ఎక్స్‌ట్రా క్యాబ్, 1985 మోడల్. ఆ కాలంలో ఎంతోమంది కుర్రాళ్ల మనసు దోచిన బండి అది. ఇప్పుడు సంగతేంటంటే, ఆ బండికి ఎవరైనా డిఫ్ డ్రాప్ కిట్ వేయమని అడిగితే మెకానిక్ నవ్వేవాడు. ఎందుకంటే దించడానికి అక్కడ ఏమీ లేదు.

ఎలాగో చెప్తా. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ముందు కూడా ఒకే పొడుగాటి ఇరుసు ఉండేది. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే గొట్టం, దాని మధ్యలో గుండ్రని గుల్ల. ఆ గుల్లలో డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్లు. ఈ ఇరుసు మీద కమాన్ కట్టలు, వాటిమీద ఛాసిస్. మన ఎడ్లబండికీ దీనికీ అమరికలో పెద్ద తేడా లేదు. బండి ఎత్తాలంటే ఇంకాస్త వంపు తిరిగిన కమాన్ కట్టలు వేస్తారు. ఛాసిస్ పైకి పోతుంది. ఇరుసు, డిఫరెన్షియల్, చక్రాలు కింద ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. చక్రానికీ డిఫరెన్షియల్‌కీ మధ్య కోణం ఒక్క డిగ్రీ కూడా మారదు. ప్రొపెల్లర్ షాఫ్ట్, స్టీరింగ్ రాడ్డుల కోణాలు మారతాయి, అది వేరే తలనొప్పి.

అమెరికాలో బండ్లు ఎత్తే పిచ్చి ముదిరింది ఇలాంటి ఇరుసుల మీదే. సెయింట్ లూయిస్‌లో బాబ్ చాండ్లర్ అనే ఆయన తన 1974 ఫోర్డ్ ఎఫ్-250ని ఎత్తుకుంటూ ఎత్తుకుంటూ పోయాడు. మిలటరీ ట్రక్కుల ఇరుసులు తెచ్చి బిగించాడు. 1981లో ఆ బండితో పాత కార్లు తొక్కించాడు. అదే బిగ్‌ఫుట్, మాన్‌స్టర్ ట్రక్కులకి పెద్దన్న. ఇరుసు అంతా ఒకే ముక్క కాబట్టి ఎంత ఎత్తినా ఈ డిఫరెన్షియల్ కోణం గొడవ ఆయనకి రాలేదు.

మరి కంపెనీలు ఈ మొండి ఇరుసుని ఎందుకు వదిలేశాయి? సుఖం కోసం. ఒకే ఇరుసు ఉంటే ఎడమ చక్రం గుంతలో పడితే కుడి చక్రం కూడా వంగుతుంది, స్టీరింగ్ లాగుతుంది. పైగా ఆ బరువంతా రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంటుంది. 1980ల నాటికి పికప్ కొనేవాళ్లు రైతులు, కాంట్రాక్టర్లు మాత్రమే కాదు. ఆఫీసుకి వెళ్లేవాళ్లూ కొంటున్నారు. వాళ్లకి కారులాంటి ప్రయాణం కావాలి.

ప్రయత్నాలు ముందే జరిగాయి. జీప్ వాగనీర్ 1963లోనే ఫోర్ వీల్ డ్రైవ్‌తో పాటు ఇండిపెండెంట్ ఫ్రంట్ సస్పెన్షన్ కావాలంటే ఇస్తామంది, ఎక్కువకాలం నిలవలేదు. ఫోర్డ్ 1980లో ఇరుసుని రెండు ముక్కలు చేసి మధ్యేమార్గం పట్టింది. టొయోటా మాత్రం 1986 మోడల్‌తో అమెరికా ట్రక్కుల్లో ముందు ఇరుసు పూర్తిగా తీసేసింది. అంటే ఆ సినిమా ట్రక్ పాత పద్ధతిలో వచ్చిన చివరి మోడల్ అన్నమాట! జనరల్ మోటార్స్ 1988 మోడల్ కె1500తో అదే దారి పట్టింది. డాడ్జ్ రామ్ 1500 చివరికి 2002లో వచ్చి చేరింది. విచిత్రం ఏంటంటే అమెరికా బయట చాలా దేశాల్లో టొయోటా హైలక్స్ ఇంకో పదేళ్లు ఆ పాత ఇరుసుతోనే అమ్ముడుపోయింది.

కొత్త పద్ధతిలో డిఫరెన్షియల్‌ని తీసుకెళ్లి ఛాసిస్‌కి బిగించేశారు. ఇక్కడే మన కథకి మలుపు. చక్రాలు దేనికది పైకీ కిందికీ ఆడతాయి. డిఫరెన్షియల్ నుంచి చక్రానికి ఒక పొట్టి షాఫ్ట్, దానికి రెండు చివర్లా రెండు సీవీ జాయింట్లు. మామూలు యూనివర్సల్ జాయింట్ వంగి తిరిగితే వేగం తడబడుతుంది. ఒక చుట్టులోనే కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి. సీవీ జాయింట్‌లో ఆ తడబాటు ఉండదు. ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజినీర్ 1920ల చివర్లో ఆరు ఉక్కు గోళీలతో తయారుచేసిన డిజైనే ఇప్పటికీ చక్రం వైపు జాయింట్లకి ఆధారం. చక్రం వైపుది బాగా వంగగలదు, ఎందుకంటే స్టీరింగ్ తిప్పినప్పుడు అది వంగాలి. డిఫరెన్షియల్ వైపుది అంత వంగదు. దాని పని ముందుకీ వెనక్కీ జారుతూ పొడవు సర్దుకోవడం. రెండిటినీ గ్రీజుతో నింపి రబ్బరు బూట్లు తొడుగుతారు.

ఇప్పుడు ఈ బండిని ఎత్తండి. ఛాసిస్ పైకి పోతుంది, దాంతోపాటే డిఫరెన్షియల్ కూడా. చక్రం మాత్రం నేలమీదే. షాఫ్ట్ ఏటవాలు అవుతుంది. చూశారా, 1985లో లేని సమస్య 1986లో పుట్టింది.

ఎంత ఏటవాలు? లెక్క వేద్దాం. రెండు జాయింట్ల మధ్య 40 సెంటీమీటర్లు అనుకోండి. బండి 3 అంగుళాలు, అంటే 75 మిల్లీమీటర్లు ఎత్తితే కోణం సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. ఇప్పుడు ఆ 25 మిల్లీమీటర్ల ముక్కలు పెట్టి డిఫరెన్షియల్ దించారు. మొత్తం అంగుళం దిగితే మూడున్నర డిగ్రీలు తగ్గాలి. కానీ టకోమా లాంటి ట్రక్కులకి దొరికే మామూలు కిట్‌లో ముక్కలు ముందు బిగింపుల దగ్గరే పడతాయి. వెనక బిగింపు ఉన్నచోటే ఉంటుంది. అంటే డిఫరెన్షియల్ దిగదు, ముక్కు వంచుతుంది. షాఫ్ట్ బయటికొచ్చే చోటు అరంగుళం దిగిందనుకుంటే, తగ్గేది రెండు డిగ్రీల లోపే. పెరిగింది పది, తగ్గింది రెండు!

ఉత్తిది అనట్లేదు. కొన్నిసార్లు ఆ రెండు డిగ్రీలే కావాలి. బూట్ మీద ముడతలు ఉంటాయి కదా, కోణం ఎక్కువైతే కిందివైపు ముడతలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. ఒరిసి ఒరిసి చిల్లు పడుతుంది, గ్రీజు బయటికి చిమ్ముతుంది, మట్టి లోపలికి పోతుంది. సాధారణంగా జాయింట్ ప్రాణం తీసేది ఈ చిల్లే. ఒరుసుకుంటున్న ముడతలు కాస్త విడిపోవడానికి ఒక్కోసారి రెండు డిగ్రీలు చాలు.

ఇంకో చరిత్ర ముక్క కూడా ఇక్కడే కలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిగిలిన జీపుల కోసం ఆర్థర్ వార్న్ 1948లో లాకింగ్ హబ్బులు తయారుచేశాడు. చక్రం మధ్యలో బిళ్ల తిప్పితే ముందు షాఫ్టులు చక్రం నుంచి విడిపోతాయి, రోడ్డు మీద తిరగవు. తర్వాత కంపెనీలు బండి దిగి బిళ్ల తిప్పే పని తప్పించాయి. చాలా ఆధునిక పికప్పుల్లో విడగొట్టే ఏర్పాటు డిఫరెన్షియల్ లోపలే ఉంటుంది. మీటతోనో బటన్‌తోనో పని అయిపోతుంది, బానే ఉంది. కానీ షాఫ్టులు ఎప్పుడూ చక్రాలకి అతుక్కునే ఉంటాయి. టూ వీల్ డ్రైవ్‌లో హైవే మీద వంద స్పీడులో పోతున్నా అవి ఆ వంకర కోణంలోనే తిరుగుతుంటాయి. పాత హబ్బులున్నవాడు "నాకేం కాలేదు" అన్నాడంటే నిజమే. కొత్త బండివాడికి బూట్ చిరిగిందంటే అదీ నిజమే. వాదులాడుకునేది ఒకే ప్రశ్న మీద, బండ్లు మాత్రం వేరు.

కిట్‌తో నష్టాలూ ఉన్నాయి. బండి ఎత్తిందే కింద ఖాళీ కోసం, డిఫరెన్షియల్ ముక్కు దించి అందులో కొంత మళ్లీ వెనక్కి ఇచ్చేస్తున్నాం. కింద రక్షణ ప్లేటుకి కూడా స్పేసర్లు పెట్టాల్సి వస్తుంది. ముక్కు వంగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా మారుతుంది.

నా లెక్క ఇది. రెండు అంగుళాల లోపు ఎత్తితే కిట్ అక్కర్లేదు. మూడు అంగుళాల దగ్గర ముందు కొనకండి, ముందు చూడండి. బండి కింద పడుకుని లోపలి బూట్ ముడతలు తాకుతున్నాయా, చుట్టూ గ్రీజు చిమ్మిందా చూడండి. తాకుతుంటే వేయించండి. మూడు దాటితే ఈ చిన్న ముక్కలతో పని జరగదు. నాలుగు నుంచి ఆరు అంగుళాల పెద్ద కిట్లలో కింది ఆర్మ్‌ల బిగింపులనీ డిఫరెన్షియల్‌నీ కలిపి కొత్త క్రాస్‌మెంబర్ల మీద కిందికి దించుతారు. కోణం దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉంటుంది. దాన్నీ జనం డిఫ్ డ్రాప్ అనే పిలుస్తారు, సగం గందరగోళం అక్కడే. అది వేలం వెర్రిగా చేయించే పని కాదు, ఖర్చు పెద్దది, కొన్ని బండ్లకి ఛాసిస్ దగ్గర కోత కూడా ఉంటుంది.

ఎలా ఎత్తారన్నదీ చూడాలి. షాక్ అబ్జార్బర్ పైన స్పేసర్ పెట్టి ఎత్తితే, చక్రం గాల్లో వేలాడినప్పుడు ఇంకా కిందికి దిగుతుంది, జాయింట్ ఇంకా వంగుతుంది. అదే పొడవు షాక్‌తో గట్టి స్ప్రింగ్ వేస్తే, చక్రం వేలాడే హద్దు మారదు. రెండు బండ్లూ పక్కపక్కన నిలబెడితే ఒకే ఎత్తు కనిపిస్తాయి.

ఇది అమెరికా గొడవే కదా అనుకోకండి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు ఫ్యాక్టరీ ఉంది, డీ-మ్యాక్స్ వీ-క్రాస్ అక్కడే తయారవుతుంది. దాని ముందు సస్పెన్షన్ ఇండిపెండెంటే. డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. 2022లో వచ్చిన హైలక్స్ కూడా అంతే. అయితే మన దగ్గర జాయింట్ కంటే ముందు చట్టం అడ్డొస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి వీ-క్రాస్ ఎత్తాలనుకునేవాళ్లు ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి, బండి కింద పడుకోవడం ఆ తర్వాత.