నిప్పుగూటికి కొత్త ముస్తాబు

జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ అబీ’లో కేథరిన్ మోర్లండ్‌కి పదిహేడేళ్లు. దయ్యాల కోటల నవలలు తెగ చదివేసిన పిల్ల. ఒక పాత మఠాన్ని ఇల్లుగా మార్చుకుని ఉంటున్న కుటుంబం పిలిస్తే చుట్టపుచూపుగా వెళ్తుంది. హాల్లో అడుగుపెట్టగానే ఆమె వెతికే వాటిలో ఒకటి ఫైర్‌ప్లేస్. మనిషి నిలబడేంత వెడల్పు, బరువైన శిల్పాలు, పొగచూరిన రాళ్లు ఉంటాయనుకుంటుంది. తీరా చూస్తే అది కుదించుకుపోయి ఒక ‘రంఫర్డ్’ అయి ఉంది. చుట్టూ సాదా పాలరాయి, పైన పింగాణీ బొమ్మలు. పాపం, ఉసూరుమంటుంది.

రంఫర్డ్ అంటే ఏమిటో ఆస్టెన్ ఎక్కడా వివరించదు. 1817 చివర్లో, ఆమె పోయాక ఆ నవల అచ్చయ్యేనాటికి ఆ మాట అందరికీ తెలుసు. నాకు తెలీదు. వెతుక్కుంటూ పోతే ఇంటి అలంకరణ చరిత్ర అనుకున్నది ఇంకెక్కడికో తీసుకెళ్లింది.

ముందు మాట సంగతి. ఫైర్‌ప్లేస్‌కి మనకి సరైన మాట లేదు. పొయ్యి వంటకి. కుంపటి చేత్తో ఎత్తుకుపోయేది. నెగడు ఆరుబయటది. గోడలోనే గూడు కట్టి, అందులో మంట వేసుకుని, ఎదురుగా కుర్చీలు వేసుకుని కూర్చునేంత చలి మనకి లేదు కాబట్టి మాటా లేదు. నేను నిప్పుగూడు అంటున్నాను. ముస్తాబు మాత్రం మనకీ కొత్త కాదు. పొద్దున్నే బూడిద ఎత్తి, పొయ్యి అలికి, ముగ్గుపెట్టాకే నిప్పు రాజేసిన ఇళ్లు మన అమ్మమ్మల కాలం దాకా ఉన్నాయి. ఆ ముగ్గు వేసినవాళ్లే ఆ పొగా పీల్చారు. ఇంగ్లండ్ నిప్పుగూటి దగ్గర ఈ రెండు పనులూ వేర్వేరు మనుషులకి పోయాయి.

అక్కడా మొదట్లో మంట ఇంటి నడుమనే ఉండేది. పొగ కప్పులోంచి దారి వెతుక్కునేది. 1577లో విలియం హారిసన్ రాసిన ఇంగ్లండ్ వర్ణనలో ఊరి ముసలివాళ్లు ఒక విషయం చెప్తారు: తమ కాలంలో జరిగిన పెద్ద మార్పుల్లో ఒకటి ఇళ్లమీద ఇన్నిన్ని పొగగొట్టాలు లేవడం. వెనకటికి పొగే మంచి మందని, కర్రకి గట్టిదనం ఇచ్చేదని, ఇప్పుడు పొగగొట్టాలొచ్చి అందరికీ జలుబులొచ్చాయని కూడా ఆయన రాస్తాడు. మన తాటాకిళ్లలోనూ వాసాలకి పొగ పడితే పురుగు పట్టదనేవారు. పాతకాలం మీద బెంగ ఏ దేశంలోనైనా ఒకే యాసలో మాట్లాడుతుంది.

ఇక కట్టెలు కరువై నగరాలు బొగ్గుకి మళ్లాయి. బొగ్గు మండాలంటే కింద నుంచి గాలి తగలాలి, అంటే ఇనపచట్రం కావాలి. గూడు చిన్నదైంది, దాంతో పొగగొట్టమూ సన్నబడింది. అంతస్తుల ఇళ్లలో గదికొకటి చొప్పున ఉన్న గొట్టాలు గోడల్లోనే వంపులు తిరుగుతూ పైకి పోయేవి. తొమ్మిదంగుళాలు, పద్నాలుగంగుళాలు మామూలు కొలత. బొగ్గు మసి జిడ్డుగా అంటుకుపోతుంది, గోకకపోతే అంటుకుని మండుతుంది. అంత సందులోకి దూరగలిగేది పిల్లవాడొక్కడే. అనాథల్నీ, పేదవాళ్ల పిల్లల్నీ పని నేర్పిస్తామని తీసుకుని, మోకాళ్లతో మోచేతులతో తన్నిపట్టుకుంటూ పైకి ఎక్కించేవారు. 1775లో పెర్సివల్ పాట్ అనే లండన్ సర్జన్, చిమ్నీలు శుభ్రం చేసేవాళ్లకి వృషణాల సంచి మీద వచ్చే పుండు మామూలు సుఖవ్యాధి కాదు, మసి వల్ల వచ్చే క్యాన్సర్ అని రాశాడు. ఒక వృత్తి వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యంలో నమోదైన తొలి సందర్భాల్లో ఇదొకటి.

అదే కాలంలో ఆ గూటి బయటి వైపు వైభవం చూడాలి. రాబర్ట్ ఆడమ్ గీసిన నిప్పుగూళ్లకి తెల్లటి పాలరాయి, పూలదండలు, రోమన్ కలశాలు. ఇంటికొచ్చిన అతిథి కన్ను మొదట పడేది దానిమీదే. ఇంటాయన చదువూ సంస్కారం అన్నీ ఆ చట్రంలో కనపడాలి.

ఇక్కడికి వస్తాడు రంఫర్డ్. అసలు పేరు బెంజమిన్ థామ్సన్. 1753లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ల పక్షాన గూఢచారిగా పనిచేశాడు. బవేరియా పోయి అక్కడ కౌంట్ అయ్యాడు. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి వేడి ఒక పదార్థం కాదు, చలనం అన్న మనిషి ఇతనే. 1796లో నిప్పుగూళ్ల మీద ఒక వ్యాసం అచ్చువేశాడు. ఉపాయం చాలా తేలిక. గూటి లోతు తగ్గించు. పక్కగోడల్ని ఏటవాలుగా విప్పు, వేడి గదిలోకి వస్తుంది. పొగ పోయే గొంతుని నాలుగంగుళాలకి బిగించు. ఒక తాపీమేస్త్రీ, కాసిని ఇటుకలు చాలు. పేటెంటు తీసుకోలేదు. లండన్‌లో పెద్దింటివాళ్లంతా ఎగబడ్డారు. 1800లో గిల్‌రే గీసిన కార్టూన్‌లో రంఫర్డ్ తన పొయ్యికి వీపు తిప్పి, కోటు వెనకభాగం పైకెత్తి కాచుకుంటుంటాడు.

ఆ వ్యాసంలో నన్ను ఆపేసిన చోటు ఒకటుంది. గొంతు నాలుగంగుళాలకి బిగిస్తే శుభ్రం చేసేవాడు ఎలా ఎక్కుతాడు? రంఫర్డ్ అది మర్చిపోలేదు. వెనకగోడ పైభాగంలో పదకొండు పన్నెండు అంగుళాల వెడల్పున ఒక వాకిలి వదలమన్నాడు. దానికి సున్నం పెట్టకుండా ఊరికే ఒక రాయో పెంకో అడ్డం పెట్టమన్నాడు. మనిషి వచ్చినప్పుడు తీస్తే సరి. ఎంత జాగ్రత్త! వేడి లెక్క, గాలి లెక్క, చివరికి ఆ పిల్లవాడి భుజాల లెక్క కూడా. పిల్లవాడి అవసరమే లేకుండా చెయ్యడం మటుకు ఆ లెక్కలో లేదు. ఆయన్ని దుర్మార్గుడనలేను. మ్యూనిక్‌లో బిచ్చగాళ్లకి పనీ తిండీ ఏర్పాటు చేసినవాడు. అయినా ఆ వాకిలి గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది. కేథరిన్‌కి సాదాగా కనపడిన ఆ గూటికి వెనక అలాంటిదొకటి ఉండి ఉండాలి.

వేరే దారి లేక కాదు. 1803లోనే జార్జ్ స్మార్ట్ అతుకుల కర్రతో పొడవాటి బ్రష్షు చేశాడు. చాలా గొట్టాలకి అది పనికొచ్చింది. మరీ వంకరగా ఉన్నవాటికి మసి తీసేందుకు గోడలో చిన్న తలుపు పెట్టించాలి, లేదా గొట్టం సరిచేయించాలి. అక్కడే పేచీ. ఇటాలియన్ పాలరాయికి లెక్కచూడని యజమానులు ఈ ఖర్చుకి బాధపడ్డారు. ప్రభువుల సభ 1819లో బిల్లుని తోసేసింది. 1788 చట్టం ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని తీసుకోవద్దంది, ఎవరూ వినలేదు. 1840 చట్టం ఇరవయ్యొకటి నిండనివాళ్లు ఎక్కకూడదంది, అదీ అంతే. 1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్ దగ్గర ఫుల్‌బర్న్ మానసిక వైద్యశాల పొగగొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లవాడు ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు, బతకలేదు. ఆ ఏడాదే షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుదలతో పోలీసు లైసెన్సుల చట్టం వచ్చింది, అది పనిచేసింది. బ్రష్షుకీ దానికీ మధ్య డెబ్బై రెండేళ్లు. బ్లేక్ కవితలూ కింగ్‌స్లీ ‘వాటర్ బేబీస్’ నవలా ఆ పిల్లల్ని అప్పటికే సాహిత్యంలో కూర్చోబెట్టాయి. చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లలో ఎందరు తమ ఇంటి గొట్టం చూసుకున్నారో.

విక్టోరియా కాలంలో ముస్తాబు ఇంకా పెరిగింది. పోత ఇనుము, రంగుల టైల్స్, పైన అద్దం, దానిచుట్టూ బొమ్మల కొలువు లాంటి అరలు. ఆ ఇనుము మెరవాలంటే రోజూ తెల్లారకముందే పనిమనిషి మోకాళ్ల మీద కూర్చుని నల్లసీసం రుద్దాలి. హానా కల్విక్ అనే పనిమనిషి డైరీలు దక్కాయి కాబట్టి ఆ మోకాళ్ల సంగతి మనకి తెలుస్తోంది.

తర్వాతది తొందరగా చెప్పేస్తాను. 1930లలో బిస్కెట్ రంగు టైల్స్‌తో మెట్లుమెట్లుగా ఉండే గూళ్లొచ్చాయి. 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్ మీద పొగమంచు కమ్మేసింది. నాలుగు వేలమంది పోయారని అప్పటి లెక్క, పన్నెండు వేల దాకా ఉండొచ్చని తర్వాతి లెక్క. అందులో ఇళ్ల బొగ్గుపొగ వాటా పెద్దది. 1956లో పరిశుభ్రమైన గాలి చట్టం వచ్చింది. పొగ నిషేధించిన ప్రాంతాల్లో గూడు మార్చుకుంటే ఖర్చులో పదింట ఏడు వంతులు స్థానిక సంస్థ తిరిగిచ్చేది. ముస్తాబుకి అసలు కారణం గాలి అని ప్రభుత్వం ఒప్పుకుని డబ్బు పెట్టిన సందర్భం నాకు తెలిసి ఇదే. ఆ రోజుల్లోనే బీబీసీలో బారీ బక్‌నెల్ అనే పెద్దమనిషి టై కట్టుకుని, పాతిళ్ల నిప్పుగూళ్లు పీకించి హార్డ్‌బోర్డు కొట్టించాడు. వేలమంది ఆయన్ని చూసి కొట్టుకున్నారు. ఇరవై ఏళ్లు తిరక్కుండా వాళ్ల పిల్లలు అదే హార్డ్‌బోర్డు పీకి, పాతసామాను అంగళ్లలో విక్టోరియన్ ఇనపచట్రాలు వెతుక్కున్నారు.

ఇప్పుడు అమెరికాలో మన తెలుగువాళ్ల ఇళ్ల వీడియోలు చూస్తే ఎర్రిటుక గూటికి తెల్లరంగు, పైన టీవీ, లోపల ఎల్‌ఈడీ మంట. దసరాకి ఆ అరమీదే బొమ్మలు. బాగుంటుంది కూడా. ఇటుకకి ఒకసారి రంగేస్తే మళ్లీ పోదని వాపోయేవాళ్లతో నేను కలవను. ఇటుకేమీ పవిత్రం కాదు. ఇంగ్లండ్‌లో మాత్రం కట్టెల స్టవ్వులు మళ్లీ ఫ్యాషన్. 2023 మేలో ఇళ్లలో కాల్చే మామూలు బొగ్గు అమ్మకం పూర్తిగా ఆగిపోయింది గానీ, కట్టెపొగలోని సన్నటి ధూళి మీద గొడవ నడుస్తూనే ఉంది. పీల్చేది ఈసారి పక్కింటివాళ్లు.

నేను అద్దెకుంటున్న వరసిళ్ల వీధిలో చివరింటావిడ పోయినేడు హార్డ్‌బోర్డు తీయించింది. రెండు బస్తాల మసి రాలింది, ఒక కాకిగూడు కూడా. నలుగురం పోయి చూశాం. తల లోపల పెట్టి పైకి చూస్తే వెలుగేమీ కనపడలేదు. పైన మూత వేసి ఉందేమో అనుకున్నాం. లేదట, గొట్టం రెండుచోట్ల వంపు తిరిగిందట. ఆవిడ టైల్స్ కడిగించి లోపల కొవ్వొత్తులు పెట్టుకుంది.