పొందూరు పంచె

మా తెలుగు మాస్టారు రోజూ మల్లెపువ్వులాంటి పంచెతో బడికి వచ్చేవారు. అడిగితే, “పొందూరుదిరా” అనేవారు. ఆ ఒక్క మాట వెనుక ఉన్న చరిత్ర అప్పుడు మాకు తెలియదు.

పలాసలో రైలెక్కితే శ్రీకాకుళం రోడ్డు దాటాక పొందూరు వస్తుంది. అక్కడి సన్న ఖాదీకి పత్తి మిల్లుకు వెళ్లదు. వాలుగ చేప దవడకుండే సన్నని పళ్లతో ఆడవాళ్లు పత్తిని దువ్వి చెత్త తీస్తారు. గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. వాటిని రాట్నం మీద వడికితే నూలు 100 కౌంటు దాకా వస్తుంది. గాంధీజీ మెచ్చిన నాణ్యం ఆ చేతులదే. 1949లో అక్కడ ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది.

ఆమధ్య పొందూరు వెళ్లాను. నేను చూసిన రాట్నాల ముందు అందరూ పెద్దవయసు అమ్మలే. “మా పిల్లలు నేర్చుకోరు బాబూ, రోజల్లా వడికితే ఏటి మిగుల్తాది?” అన్నారొకామె. పంచె ధర ఎక్కువంటూ బేరమాడే మనం, వడికిన చేతికి ఎంత ముట్టిందని ఎప్పుడూ అడగలేదు.

సన్మానాల్లో మనం కప్పే మెరుపు శాలువాలు మర్నాటికే బీరువా చేరతాయి. ఈ స్వర్ణోత్సవంలో మన గురువులకు పొందూరు బట్టలు పెడదాం. వారు కట్టుకుంటారు, అక్కడ రాట్నం తిరుగుతుంది. మా మాస్టారికి పెట్టే భాగ్యం నాకు దక్కలేదు. ఉన్నవారికైనా పెడదాం.